ఎత్తు మడుల్లోకి గరిక, తుంగ రాకుండా: ఏది పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ

మడి కట్టి, మంచి మట్టి పోసి, వంగ నారు నాటి రెండు నెలలైంది. ఒకరోజు పొద్దున్నే నీళ్లు పోస్తుంటే మొక్క మొదట్లో పచ్చగా ఒక గరిక పోచ కనిపించింది. లాగితే నాలుగు వేళ్ల పొడవు చేతికొచ్చింది, లోపల తెల్లటి కాడ పుటుక్కున తెగింది. తెగిన చోటు నుంచి బొరిగెతో తవ్వుకుంటూ పోయాను. గోడ బయట ఉన్న గరిక ఇటుకల కింద నుంచి దూరి, వంగ వేళ్ల మధ్యగా మూరెడు దూరం పాకి వచ్చింది. ఆ కాడకి రెండు వేళ్లకొక కణుపు, కణుపు కణుపు దగ్గరా పైకి లేవడానికి సిద్ధంగా ఒక మొలక.

మాది గుంటూరు వైపు, నల్లరేగడి నేల. ఆ తర్వాత నాలుగేళ్లలో అట్టపెట్టెలు, వీడ్ మ్యాట్, ప్లాస్టిక్ పట్టా, ఇటుక, సిమెంటు దిమ్మె, కడప బండ అన్నీ ఈ పెరట్లోనే వాడి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది డబ్బంతా మడి అడుగున పెడతారు, గరిక మాత్రం ఎక్కువగా పక్క నుంచి వస్తుంది. అంచు ఎలా కట్టాలి, అంచు బయట ఒక అడుగు నేలని ఎలా ఉంచాలి అన్నది ముందు తేల్చుకోండి. అడుగున ఏం పరచాలో ఆ తర్వాత చూసుకోవచ్చు.

మీ పెరట్లో ఉన్నది గరికా, తుంగా?

ఈ రెండూ పక్కపక్కనే పెరుగుతాయి, పీకి ఒకే గంపలో వేస్తాం, కానీ ఒకదానికి పనిచేసేది రెండోదానికి పనిచేయదు. వీడియోల్లో ఫలానా పద్ధతి అద్భుతం అని ఒకరు, అస్సలు పనిచేయలేదని ఇంకొకరు చెప్పడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇద్దరి పెరట్లో ఉన్న కలుపు ఒకటి కాదు.

గరిక నేల మీద తీగలా పాకుతుంది, నేల లోపల తెల్లటి గట్టి కాడలతో కూడా పాకుతుంది. లోపలి కాడలు చాలావరకు పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి. మా నేల వేసవిలో నెర్రెలు విచ్చుతుంది కాబట్టి కొన్నిచోట్ల మూరెడు లోతులో కూడా దొరికాయి. ఎండ ఎంత కాస్తే అంత జోరుగా పెరుగుతుంది, నీడకి మాత్రం తట్టుకోలేదు. ఈ ఒక్క బలహీనతని ఎంత బాగా వాడుకుంటే మనకి అంత మంచిది. వినాయక చవితికి 21 పత్రాల్లో దూర్వాయుగ్మం అని పెట్టేది దీన్నే కాబట్టి మా ఇంట్లో తులసికోట వెనక కాస్త గరికని ఉంచాం, అక్కడ దాన్ని ఎవరూ ముట్టుకోరు. మడి పక్కన మాత్రం వద్దు.

తుంగ అసలు గడ్డి కుటుంబమే కాదు. కాడని రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి, మూడు అంచులు తగులుతాయి. దీని బలమంతా నేల లోపలి గడ్డల్లో ఉంది. ఆయుర్వేదంలో తుంగముస్తలు అంటారే, అవే. ఒక గడ్డ నుంచి సన్నటి కాడ, దాని చివర ఇంకో గడ్డ, మళ్లీ కాడ, ఇలా పూసల దండలాగా ఉంటాయి. మనం పైన ఆకు లాగితే ఆకే వస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. దాని మొలక మొన సూదిలా ఉంటుంది, రైతులు మట్టి మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటుని కూడా పొడుచుకుని బయటికి వస్తుంది.

ఊద లాంటి గింజ గడ్డి గురించి టెన్షన్ పడక్కర్లేదు. మట్టి మీద వరిగడ్డి గానీ ఎండాకులు గానీ బెత్తెడు మందాన కప్పి, తప్పించుకుని వచ్చినవాటిని గింజ పట్టకముందే పీకేస్తే సరిపోతుంది.

అడుగున ఏం పరచాలి

అట్టపెట్టెల సలహా అందరూ ఇస్తారు. చౌక, మట్టిలో కలిసిపోతుంది, వానపాములకి ఇష్టం. కొత్త మడి కింద గడ్డి మీదే రెండు పొరలు పరిచి, ఒకదాని మీద ఒకటి కనీసం జానెడు ఎక్కేలా పెట్టి, టేపులు, పిన్నులు పీకేసి, బాగా తడిపి పైన మట్టి పోయాలి. ఈ మాట నిజమే, కానీ చలి దేశాల్లో ఆ అట్ట చాలా నెలలు నిలుస్తుంది, మన దగ్గర చెదలు ఉన్నాయి. నేను మే చివర పరిచిన అట్ట, వినాయక చవితికి తవ్వి చూస్తే చెదమట్టి పొరలుగా తప్ప అట్టగా లేదు. గింజ గడ్డికీ, పలచగా ఉన్న గరికకీ ఆ మూడు నెలల చీకటి సరిపోవచ్చు. దట్టంగా అల్లుకున్న గరికకి సరిపోదు. తుంగకైతే అట్ట అసలు అడ్డే కాదు, తడిసి మెత్తబడ్డాక సులువుగా పొడుచుకుని వస్తుంది. చెదలు ఉన్న నేలలో చెక్క పలకలతో మడి కట్టినవాళ్లు అట్ట అసలు పెట్టకండి, ముందు అట్ట తింటాయి, తర్వాత పలక ఎక్కుతాయి.

వీడ్ మ్యాట్, అంటే నల్లటి నేసిన ప్లాస్టిక్ బట్ట. నీళ్లు దిగుతాయి, వెలుతురు దిగదు. నర్సరీల్లో నేలంతా పరిచి ఉంటుంది చూడండి, అది. ఇది మంచి వస్తువే, మనం దాన్ని పెట్టే చోటే తప్పు. మడి అడుగున పెడితే రెండు మూడేళ్లకి గరిక కాడలు ఆ నేతలో దూరి ఇటూ అటూ కుట్టేసినట్టు అయిపోతుంది. అప్పుడు దాన్ని తీయాలంటే మడంతా ఖాళీ చేయాలి, లాగితే పీలికలుగా వస్తుంది, ఆ పీలికలు మట్టిలో ఉండిపోతాయి. మునగ, బెండ లాంటివి వేరు లోతుకి దించాలనుకుంటే వాటికి కూడా అడ్డమే. అదే మ్యాట్‌ని మడుల మధ్య నడిచే దారిలో పరిస్తే ఏడాది పొడవునా పని తగ్గిస్తుంది, పాడైతే ఒక పూటలో మార్చేయొచ్చు. కొనేటప్పుడు మందంగా నేసినదే తీసుకోండి. సన్నటి పలచ రకం ఎండకి పొడిపొడి అవుతుంది. కత్తిరించిన అంచుని కొవ్వొత్తి మంటకి చూపిస్తే దారాలు ఊడవు.

అడుగున మామూలు ప్లాస్టిక్ పట్టా పరచొద్దు. వానాకాలంలో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, మిరప అయితే వారంలో వాలిపోతుంది.

సిమెంటు గచ్చు మీద మడి కడితే గరిక బాధ దాదాపు లేనట్టే. అయితే అడుగున నీళ్లు పోయే కన్నాలు ఉండాలి, మట్టి కనీసం అడుగున్నర లోతు ఉండాలి, వేసవిలో రోజూ తడపాలి. మేడ మీద మొక్కలు పెంచేవాళ్లకి ఈ సంగతి తెలుసు. పెరట్లో నేల ఉండగా గచ్చు వేయించడం నాకు మనసొప్పలేదు, కింద నేల తడి అందుకునే మడికి నీళ్లు తక్కువ పడతాయి.

అంచు ఎలా కట్టాలి

సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకలు చూడ్డానికి బాగుంటాయి, కానీ ప్రతి సందూ గరికకి దారే. సిమెంటు పెట్టి కట్టినా, పునాది లేకుండా నేల మీదే మొదలుపెడితే మొదటి వరస కింద నుంచి వస్తుంది. మా వంగ మడి సంగతి అదే. పైగా నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, దాంతో చిన్న గోడలు ఏడాది తిరిగేలోపే నెర్రెలిస్తాయి. హైదరాబాద్ వైపు ఎర్రనేల ఉన్నవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ, వాళ్లు జానెడు లోతు పునాది తీసి ఇటుకతో కట్టుకుంటే సరిపోతుంది.

సిమెంటు బోలు దిమ్మెలు త్వరగా పేర్చుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. కానీ ఆ బోలు రంధ్రాల్లో మట్టి పడుతుంది, గరిక కింద నుంచి ఆ రంధ్రంలోకి ఎక్కి, పైనుంచి తొంగి చూసి మడిలోకి వాలుతుంది. లోపలున్న కాడని తీయడానికి చెయ్యి పట్టదు, బొరిగె దూరదు. దిమ్మెలే వాడాలంటే రంధ్రాలని కంకర సిమెంటుతో నింపేయండి, మట్టి పోసి బంతి మొక్కలు పెట్టాలనే ఆశ వదులుకోండి.

నాకు బాగా నచ్చింది కడప బండ. వంటగట్టుకీ, కంచె రాళ్లకీ వాడే ఆ నల్లరాయే. తెలంగాణలో అయితే తాండూరు బండ, షాబాద్ బండ దొరుకుతుంది. రెండడుగుల వెడల్పు పలకని నిలువుగా పెట్టి, ముప్పాతిక అడుగు నుంచి అడుగు వరకు నేలలోకి దించి, మిగతాది పైకి ఉంచితే అదే గోడ, అదే పునాది. చెదలు పట్టవు, తుప్పు పట్టదు, నల్లరేగడి కదిలినా పలక కాస్త వాలుతుందేమో గానీ విరగదు. దీని బలహీనత పలకకీ పలకకీ మధ్య ఉన్న కీలు. ఆ సందుని లోపలి వైపు నుంచి వేలెడు మందాన సిమెంటుతో పూడ్చాలి. మేం ఒక మూల పూడ్చడం మరిచిపోయాం, రెండేళ్ల తర్వాత ఆ పెరడు మొత్తంలో మడిలోకి గరిక దూరింది సరిగ్గా ఆ మూల నుంచే. ఇంకో ఇబ్బంది, మే నెలలో రాయి కాలిపోతుంది. పడమటి వైపు పలకని ఆనుకుని లేత నారు పెట్టొద్దు, అక్కడ బచ్చలి తీగ పాకిస్తే రాయికి నీడ వస్తుంది. ఖర్చు మిగతావాటికంటే ఎక్కువే, మోసుకొచ్చే కూలి ఇంకా ఎక్కువ. ఇళ్లు పడగొట్టే చోట పాత గట్టు బండలు అడిగి చూడండి, అంచులు విరిగినవి తక్కువకి ఇచ్చేస్తారు, మడికి అవే చాలు.

ఎంత గట్టి గోడ కట్టినా గరిక పైనుంచి కూడా ఎక్కుతుంది. కాబట్టి గోడ చుట్టూ అడుగు వెడల్పున పచ్చదనం లేని పట్టీ ఉండాలి. అక్కడ వీడ్ మ్యాట్ పరిచి పైన కంకర పోసినా సరే, బండ పరిచినా సరే, ఏమీ లేకుండా మట్టి నేలనే వదిలి వారానికోసారి దోకుడు పారతో గీకినా సరే. నా దృష్టిలో ఈ మూడింటిలో గీకుడే మేలు. కంకరలో రెండేళ్లకి దుమ్ము, ఆకు చెత్త చేరి మట్టి అవుతుంది, గరిక తీగ దాని మీద వేరు వేస్తుంది, అప్పుడు కంకరలోంచి పీకడం మట్టిలోంచి పీకడం కంటే కష్టం. పట్టీ గీకడానికి మూడు మడులకి కలిపి నాకు పావుగంట పడుతుంది. వేసవిలో డ్రిప్ పైపు ఎక్కడైనా కారుతుంటే ముందు అది చూసుకోండి, పెరడంతా ఎండిపోయినప్పుడు గడ్డి పచ్చగా బలిసేది ఆ చుక్క పడే చోటే.

ఉన్న గడ్డిని ముందే చంపడం

మడి ఇంకా కట్టకపోతే మీరు అదృష్టవంతులు, ఒక వేసవి ఆగండి. రైతులు వేసవి దుక్కులు ఎందుకు దున్నుతారో పెరట్లో కూడా అదే కారణం. ఏప్రిల్ చివర్లో పలుగుతో పెళ్లలు పెళ్లలుగా తవ్వి, తిరగేసి, నీళ్లు పెట్టకుండా ఎండకి వదిలేస్తే గరిక కాడలు గుల్లబారి ఎండిపోతాయి, తుంగ గడ్డలు కూడా తడి ఆరిపోతే చస్తాయి. రెండు వారాలకోసారి పెళ్లలు తిరగేయాలి. మధ్యలో ఒక్క పెద్ద వాన పడితే మళ్లీ మొదటికొస్తుంది, అది మన చేతిలో లేదు. త్వరగా అయిపోతుందని రోటవేటర్ గానీ చిన్న టిల్లర్ గానీ తిప్పించకండి. గరికని ముక్కలు చేస్తుంది, కణుపున్న ప్రతి ముక్కా ఒక మొక్క అవుతుంది.

రెండో దారి ఎండ వేడితో మట్టిని ఉడికించడం, దీన్ని సాయిల్ సోలరైజేషన్ అంటారు. మట్టిని చదును చేసి, బాగా తడిపి, సన్నటి పారదర్శక ప్లాస్టిక్‌ని నేలకి అతుక్కునేలా పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, 4 నుంచి 6 వారాలు ఉంచాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో 1980లలోనే కంది, శనగ పొలాల్లో ఎండు తెగులు కోసం దీన్ని పరీక్షించారు. మన ఏప్రిల్, మే ఎండలు దీనికి బాగా పనికొస్తాయి. గింజ గడ్డి గింజలు చస్తాయి, పైపైన ఉన్న గరిక కాడలు చస్తాయి. లోతు కాడలూ, తుంగ గడ్డలూ చాలావరకు బతికిపోతాయి, అందుకే తవ్వి ఏరేసిన తర్వాత చేస్తే ఫలితం ఎక్కువ. చాలామంది నల్ల షీటు వేసి సోలరైజేషన్ చేశామంటారు. అది వేరే పద్ధతి. నల్ల పట్టా చీకటితో చంపుతుంది, అంత వేడి లోపలికి దిగనివ్వదు, కాబట్టి ఎక్కువ నెలలు పడుతుంది. వానాకాలంలో ఎండ ఉండదు గనుక అప్పుడు నల్లదే నయం.

మూడోది నాకు ఇష్టమైనది, నేలకి కూడా మంచిది. తొలకరికి జనుముని గానీ, జీలుగని గానీ చిక్కగా చల్లేయండి. నెలన్నరలో నడుమెత్తు పెరిగి కింద చీకటి చేస్తుంది, గరిక పలచబడిపోతుంది, పూతకి ముందు కోసి అక్కడే కప్పితే పచ్చిరొట్ట ఎరువు. ఇది ఒక్కటే గరికని పూర్తిగా పోగొట్టదు, కానీ ఆ తర్వాత తవ్వడం సగం సులువవుతుంది.

కలుపు మందు గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గరిక వేరుదాకా వెళ్లి చంపేది గ్లైఫోసేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దీన్ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో దీని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే (పురుగు, కలుపు మందులు కొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లకే) పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది, ఆ ఉత్తర్వు ప్రకారం మనంతట మనం డబ్బా తెచ్చి పెరట్లో కొట్టుకునే వస్తువు కాదు. తుంగకైతే అది కూడా ఒక్కసారితో పోదు, నిద్రలో ఉన్న గడ్డలకి మందు చేరదు. పిల్లలు టమాటా కోసి అక్కడే కొరికేసే మడి దగ్గర నేనైతే వద్దంటాను. ఉప్పు చల్లమని వాట్సాప్‌లో తిరిగే సలహా ఇంకా ప్రమాదం, ఉప్పుని గరిక మన కూరగాయల కంటే బాగా తట్టుకుంటుంది, చిక్కుడు చచ్చిపోతుంది, గరిక ఉంటుంది. వెనిగర్ ఆకుని మాడుస్తుంది, అంతే.

ఎవరికి ఏది

సొంత ఇల్లు, కొత్తగా కడుతున్నారు, ఎదురుగా ఉన్నది గరిక: ఒక వేసవి తవ్వి ఎండబెట్టండి, బండ గానీ పునాది ఉన్న ఇటుక గానీ అంచు కట్టండి, చుట్టూ అడుగు పట్టీ ఉంచండి. అడుగున ఏమీ పరచక్కర్లేదు. చెదలు లేకపోతే అట్ట పరచండి, మంచిదే.

ఎదురుగా ఉన్నది తుంగ అయితే గోడకీ, మ్యాట్‌కీ డబ్బు పెట్టకముందు నేలలోని గడ్డల మీద పని చేయండి. తడిగా ఉన్నప్పుడు సన్న పారతో కింద నుంచి ఎత్తి, గడ్డతో సహా తీయాలి, మళ్లీ మొలిచినవాటిని రెండు వారాలు దాటనివ్వకుండా తీయాలి. ఆలస్యం చేస్తే ఆ మొలకే కొత్త గడ్డలు పెడుతుంది. ఒక వానాకాలం మొత్తం ఓపిక పట్టాలి. ఆ సమయంలో మడి ఖాళీగా ఉంచకుండా చిలగడదుంప తీగ గానీ బొబ్బర్లు గానీ దట్టంగా పెడితే నీడకి తుంగ కూడా బలహీనపడుతుంది.

అద్దె ఇల్లయితే ఇవేవీ వద్దు. పెద్ద గ్రో బ్యాగులు, నేలకి జానెడు ఎత్తున ఇనప స్టాండు మీద. నేల మీదే బ్యాగు పెడితే అడుగు కన్నాల్లోంచి గరిక లోపలికి వచ్చేస్తుంది, ఈ ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి.

మడి ఇప్పటికే గరికతో అల్లుకుపోతే మధ్యమధ్యలో పీకుతూ మూడేళ్లు బాధపడొద్దు. పంట అయిపోయాక మట్టంతా పట్టా మీదకి తీసి, చేత్తో జల్లించి కాడలు ఏరి, అంచు బాగుచేసి మళ్లీ పోయండి. ఆరడుగుల మడికి ఇద్దరికి ఒక పూట పడుతుంది. ఏరిన కాడలని కంపోస్టు గుంటలో వేయకండి, బండ మీద పరిచి పెళుసుగా విరిగేదాకా ఎండనివ్వండి. లేదంటే పక్కింటి ఆవుకి పెట్టండి, కళ్లకద్దుకుని తింటుంది.

డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్న మనవాళ్లు గోంగూర కోసం లాన్ మీదే చెక్క పెట్టె పెట్టి మట్టి పోసేస్తుంటారు. అక్కడ చాలా ఇళ్లలో లాన్ గడ్డిగా పెంచే బెర్ముడా మన గరికే. చలికాలంలో గోధుమ రంగుకి తిరిగితే చచ్చిందనుకోవద్దు, నిద్రపోతుంది, ఎండ ముదిరాక అడుగు మట్టిలోంచి కూడా పైకి వస్తుంది. పెట్టె కింద లాన్‌ని ముందే చెక్కేసి, చుట్టూ పేవర్ రాళ్ల పట్టీ వేయండి.

ఇంకో సంగతి, ఇది అన్నిటికంటే ఎక్కువ మంది మోసపోయే చోటు. ఇంత చేసి, చివరికి ట్రాక్టర్ చెరువు మట్టితో పాటు తుంగ గడ్డలు కూడా తెచ్చుకుంటాం. మట్టి దింపకముందే రెండు పారల మట్టి తీసుకుని పిడికిట నలిపి చూడండి, నల్లటి చిన్న గడ్డలు, తెల్ల కాడ ముక్కలు ఉంటే కనిపిస్తాయి. పశువుల ఎరువు బాగా మాగినదే కొనండి, పచ్చి ఎరువులో గడ్డి గింజలు బతికే ఉంటాయి. అనుమానం ఉంటే ఒక పాత టబ్బులో ఆ మట్టి పోసి, తడిపి, ఎండలో మూడు వారాలు ఉంచండి. పోయినేడు నేను అలా పెట్టిన టబ్బులో పదో రోజుకే పదిహేడు తుంగ మొలకలు లెక్కపెట్టాను. ఆ మట్టి మా మడిలోకి రాలేదు.